ఊడిరావడమే నా ఉద్యోగం

నేను ఒక పిన్నును. మీ చిటికెన వేలంత పొడవుంటాను, దానికంటే కాస్త లావు. నా మెడకి సన్నని ఉక్కుతీగ ఒకటి ఉంటుంది, అదే నా తోక. నన్ను చూసి మేకు అనుకున్నవాళ్ళున్నారు. తాళంచెవి అనుకున్నవాళ్ళున్నారు. దేవుడనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చివరి రకం మనుషుల సంగతి చెప్పడానికే నోరు తెరిచాను.

ముందు నా పనేమిటో చెబుతాను, బుర్ర పెట్టి వినండి. ఒక పెద్ద బస్సు ఉంది. దాని వెనక ఇనపకమ్మీతో ఒక జీపు తగిలించి ఉంది. బస్సు లాగుతుంది, జీపు నడుస్తుంది. జీపులో బ్రేకు తొక్కే డ్రైవరు ఉండడు. దారిలో ఆ కమ్మీ విరిగితే జీపు గతి ఏమిటి? అందుకే జీపు మూతి దగ్గర చిన్న డబ్బీ ఒకటి బిగించారు. డబ్బీలో రెండు రాగి రేకులు, ఒకదాన్నొకటి ముట్టుకోవాలని చస్తుంటాయి. ఆ రెండింటి మధ్య అడ్డంగా నిలబడేది నేను. నా తోక కొస బస్సు నడుముకి కట్టి ఉంటుంది. జీపు విడిపోయిందంటే తోక లాగుతుంది, నేను ఊడిపోతాను, రేకులు కలుస్తాయి, కరెంటు పారుతుంది. జీపు లోపల బ్రేకు పెడలు మీద ఇనప పిడికిలి ఒకటి కూర్చుని ఉంటుంది. అది పెడల్ని నేలకంటా తొక్కేస్తుంది. చక్రాలు గొంతు పిసికినట్టు అరిచి ఆగిపోతాయి.

లోకంలో ఏ మేకైనా బిగిసి ఉంటేనే మంచిది. నేను మాత్రం సమయానికి ఊడాలి. ఈ ఒక్క ముక్క అర్థం చేసుకోలేక జనం నెత్తురు కక్కారు.

నేను పుట్టింది ఎక్కడో ఊరి బయట రేకుల షెడ్డులో. పుట్టిన రోజే నన్ను పీకారు, గుచ్చారు, మళ్ళీ పీకారు. నా పక్కన పుట్టినవాడు ఒకడు సరిగ్గా ఊడలేదని సుత్తితో కొట్టి తుక్కులో పారేశారు. మా లోకంలో న్యాయం అది. ఊడనివాడికి బతుకు లేదు. తరవాత అట్టపెట్టెలో పడి, లారీలో దొర్లి, విశాఖపట్నం ఆటోనగర్ చేరాను.

అక్కడ సర్వారాయుడు గారి కోసం బస్సు తయారవుతోంది. ఆయన ఎన్నికల్లో నిలబడుతున్నాడు. బస్సులో మంచం, ఏసీ, స్నానాలగది, పైకప్పు మీద నిలబడి చేతులూపడానికి కటకటాలు, అన్నీ పెట్టారు. ఇంత పెట్టాక తెలిసింది ఏమిటంటే, ఓట్లున్న సందుల్లో ఆ బస్సు పట్టదు. అందుకని వెనక పైకప్పు లేని జీపు ఒకటి తగిలించారు. ఊరు రాగానే జీపు విప్పుతారు, ఆయన అందులోకి దూకుతాడు, సందుల్లో తిరుగుతాడు.

డ్రైవరు పోలయ్య. సిమెంటు లారీలు తోలితోలి భుజాలు గట్టిపడినవాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు అందరిలా దండం పెట్టలేదు. తోక పట్టుకుని ఒక్క లాగు లాగి, బస్సుని ముందుకి కదిలించాడు. జీపు దున్నపోతులా కాళ్ళు పాతుకుని నిలబడింది. పోలయ్య దిగొచ్చి నన్ను తుడిచి తిరిగి గుచ్చుతూ, "గట్టి పిండానివే" అన్నాడు. నా జీవితంలో నన్ను అర్థం చేసుకుని మెచ్చుకున్న మాట అదొక్కటే.

ముహూర్తం నాడు ఇనపకమ్మీ మీద కోడిని కోశారు. వెచ్చని నెత్తురు నా నెత్తిన కారింది. దిష్టి తగలకూడదని చేశారట. దిష్టి కోడికే తగిలింది.

జీపు విప్పేవరకూ ఖాళీగా ఎందుకు వెళ్ళాలని మేనేజరు చిట్టిరాజుకి ఆలోచన వచ్చింది. అందులో తప్పెటగుళ్ళ జట్టుని ఎక్కించాడు. రొమ్ముల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులా తప్పెట వాయిస్తూ ఎగిరే మనుషులు వాళ్ళు. బస్సు నిండా ఏసీ ఉంది గాని వాళ్ళకి చోటు లేదు. చెమట వాసనట. లాగే జీపులో మనుషులు కూర్చోకూడదని పోలయ్య ఒకసారి అన్నాడు. "వాళ్ళు మనుషులేంట్రా, సౌండు" అన్నాడు చిట్టిరాజు.

ఆ జట్టు గురువు తవిటయ్య. పోలయ్య అక్క గౌరమ్మ మొగుడు. తవిటయ్యకి ముందు పుట్టిన పిల్లలంతా పురిట్లోనే పోతే, ఇతన్ని పుట్టగానే పక్కింటికి చేటెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ కొనుక్కున్నారు. చావుని అలా బోల్తా కొట్టించారు. ఆ పేరు మోస్తున్న మనిషికి మొక్కుల మీద, తాళ్ళ మీద, తాయెత్తుల మీద నమ్మకం ఉండకుండా ఎలా ఉంటుంది? నేను తప్పు పట్టను. కాని ఆ నమ్మకమే నా గొంతుకి చుట్టుకుంది.

సంత కూడలిలో జరిగింది మొదటి గొడవ. సర్వారాయుడు బస్సు మీద నిలబడి చేతులు జోడిస్తున్నాడు. కింద జనం, ధూళి, తప్పెటల మోత. బస్సు నత్తలా కదులుతోంది. కార్యకర్త ఒకడు బంతిపూల దండ పట్టుకుని వెనకనుంచి ఎక్కబోయాడు. ఇనపకమ్మీ మీద ఒక కాలు, నా తోక మీద ఒక కాలు. వాడు ఎగబాకిన తన్నుకి నేను ఊడాను. నా ధర్మం నేను చేశాను. జీపు పాతుకుపోయింది, బస్సు ఎవరో చొక్కా పట్టి వెనక్కి గుంజినట్టు అదిరింది. పైన సర్వారాయుడి మూతి వెళ్ళి కటకటాలకి కొట్టుకుంది. ముందు పన్ను విరిగింది. తెల్లచొక్కా మీద ఎర్రగా కారింది. ఎత్తిన ఫోన్లన్నీ ఆ నోటినే చూస్తున్నాయి. జనంలో ఎవడో నవ్వాడు. నవ్వు అంటుకుంది.

సర్వారాయుడు కిందికి దిగాడు. చెప్పు తీశాడు. పోలయ్య చెంప మీద, మెడ మీద, మళ్ళీ చెంప మీద కొట్టాడు. సంతంతా చూసింది.

"బ్రేకెందుకు కొట్టావురా లంజాకొడకా."

"నాను కొట్నేదు బాబూ. ఆ పిన్ను ఊడిపోనాది. ఎవడో తొక్కినాడు."

"ఊడిపోయేదాన్ని ఎందుకు పెట్టావురా మరి?"

అడిగిన మనిషి పట్నంలో పెద్ద చదువులు చదివినవాడు. ఊడితే చెడింది, బిగిస్తే బాగుపడింది అనే లెక్క అందరి బుర్రల్లోనూ ఒక్కటే.

మర్నాడు సిద్ధాంతి గారిని తెచ్చారు. ఆయన జీపు చుట్టూ తిరిగి, నా దగ్గర ఆగి, వాహనం ఒంట్లోంచి తనంతట తాను బయటికొచ్చే వస్తువు ఆయుష్షు బయటికి పోవడంతో సమానమన్నాడు. బంధనం చెయ్యాలన్నాడు. మంత్రించిన ఎర్ర తోరం తెచ్చి డబ్బీకి నన్ను కలిపి చుట్టాడు. చుట్టి ముళ్ళు వేశాడు. పసుపు పూశాడు, కుంకం పెట్టాడు. దారం తెగిపోతే అరిష్టమని చిట్టిరాజు దానికింద బైండింగు వైరు కూడా బిగించి, కటింగ్ ప్లయరుతో మెలితిప్పించాడు. ఆ మెలి తిప్పింది పోలయ్య చేతే. చెప్పుదెబ్బల వాపు ఇంకా దిగని ముఖంతో, కిందికి చూస్తూ తిప్పాడు. అప్పుడు నా ఒంట్లో పుట్టింది భయమో కోపమో నాకు పేరు తెలియదు. ఇనుముకి అంత తేడా ఉండదు.

అప్పటినుంచి మొదలైంది నా పూజ. బయల్దేరే ముందు ప్రతివాడూ వచ్చి నన్ను తాకి కళ్ళకద్దుకునేవాడు. అగరుబత్తి పొగ, కొబ్బరినీళ్ళు. ఎవడి ప్రాణం కాపాడటానికి పుట్టానో వాడే నా చేతులు కట్టేసి కాళ్ళకి దండం పెడుతున్నాడు. తవిటయ్య అందరికంటే భక్తిగా పెట్టేవాడు. తలపాగా తీసి మరీ.

పోలయ్య ఒక్కడే రోజూ వంగి ఇనపకమ్మీ చూసేవాడు. సంతలో జరిగిన గుంజుడుకి, కమ్మీ కొసన అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక పడింది. చిట్టిరాజుకి చెప్పాడు. "ఓట్లయ్యాక వెల్డింగు చేయిద్దాం" అన్నాడు చిట్టిరాజు. చీలిక ఓట్లదాకా ఆగుతుందని దానితో ఎవరు మాట్లాడుకున్నారో తెలియదు.

పాడేరు ఘాటీ ఎక్కాల్సిన రోజు వచ్చింది. కొండమీద గూడేల్లో సభ. పొద్దున్నే ఎండ. కొండ మొదట్లో టిఫిన్లకి బస్సు ఆపారు. సర్వారాయుడు ఏసీలో ఉన్నాడు, మనుషులు దోసెల దగ్గర ఉన్నారు. పోలయ్య వచ్చి కమ్మీ చూశాడు. చీలిక ఇప్పుడు గోరు దూరేంత అయింది. అతను లేచి, ప్లయరు తీసుకుని నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎర్రదారం కింద వైరు కొస వెతికి, ఒక పోగు తుంచాడు. నాకు ఊపిరి తగిలినట్టయింది.

"పోలిగా, ఏటి సేస్తన్నావురా?"

తవిటయ్య. చేతిలో దోసె పొట్లం.

"ఇది తీసెయ్యాల బావా. ఘాటీలో కమ్మీ ఇరిగితే దీని మీదే మన పేణాలు."

"తోరం తెంపుతావా? మతుండే సేస్తన్నావా?"

"తోరం కాదు బావా, ఉరితాడిది. ఈ పిన్ను ఊడాల. ఊడితేనే జీపు ఆగతాది."

తవిటయ్య నవ్వాడు. "ఊడితే ఆగతాదంట. మేకూడితే గోడ మీది పటం ఆగతాదేట్రా, పడతాది గాని. సెప్పుదెబ్బకి నీ బుర్ర తిరగబడిపోనాది."

"బావా, నీకు దణ్ణవెడతాను. అక్క మొకం సూసైనా ఒదులు. నేదంటే మీరందరూ దిగిపోయి నడిసి రండి."

"గజ్జెలేసుకుని కొండెక్కమంటావా, మేకల్నాగ?" అని తవిటయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఒగ్గెయ్. అరిష్టం తగిల్తే నీకు కాదు, ఎనకాల కూకునే మాకు తగిల్తాది."

ఒకరు లాగారు, ఒకరు విదిలించారు. దోసె పొట్లం మట్టిలో పడింది. ఆ కీచులాటకి చిట్టిరాజు తిరిగి చూశాడు. ప్లయరు, తెగిన వైరు పోగు, పసుపు రాలిన దారం, ఇవి చూసిన తరవాత అతనికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

"తోరం తెంపుతున్నాడ్రా. అవతలివాళ్ళ దగ్గర తినొచ్చాడ్రా వీడు."

నలుగురు మీద పడ్డారు. మొదటి దెబ్బ చెవి మీద. పోలయ్య లేవబోతే కాలితో రొమ్ము మీద తన్నారు. డొక్కలో తన్నారు. ప్లయరు లాక్కుని దాని మొనతోనే ముఖం మీద పొడిచారు, కనుబొమ చీలింది. అతని నెత్తురు నా డబ్బీ మీద చిందింది. కోడిది వెచ్చగా ఉండేది. మనిషిది కూడా అంతే. ప్లయరుని తుప్పల్లోకి విసిరేశారు. తవిటయ్య "బాబూ, ఒగ్గెయ్యండి, మా బామ్మర్ది బాబూ" అని అడ్డం పడబోతే అతని రొమ్ము మీది తప్పెట సొట్ట పోయేట్టు గుద్దారు.

"స్టీరింగు నేను పట్టుకుంటాను. వీణ్ణి వెనకాల ఆ సౌండుగాళ్ళతో పడెయ్యండి" అన్నాడు చిట్టిరాజు.

అలా పోలయ్య జీపులో డ్రైవరు సీట్లో పడ్డాడు. అది తోలడానికి కాదు, కూర్చోడానికి మిగిలిన చోటు అదొక్కటే. తవిటయ్య పక్కన కూర్చుని తలపాగా చింపి అతని కనుబొమకి అదిమాడు. బస్సు కదిలింది. వాయించమని చిట్టిరాజు హారను కొట్టాడు. వాయించారు. ఏం చేస్తారు.

ఘాటీ మలుపులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. బస్సు మూలుగుతూ ఎక్కుతోంది. ఒక నిటారు మలుపులో చిట్టిరాజు గేరు మార్చడం తప్పి, బస్సు ఒక్క క్షణం ఆగి, ఎగిరి ముందుకి దూకింది. కమ్మీ అతుకు పటక్కుమంది.

నేను ముందు విన్నాను. తరవాత చూశాను. బస్సు వీపు దూరమవుతోంది. మేం వెనక్కి జారుతున్నాం.

నా తోక బిగుసుకుంది. ఇదే నా ఘడియ. దీనికోసమే నన్ను ఆ షెడ్డులో పీకి గుచ్చి పెంచారు. లాగింది. నేను కదిలాను. దారం కోసుకుంది, వైరు కోసుకుంది, అయినా పట్టు వదల్లేదు. నా మెడ దగ్గర తోక తెగిపోయింది. బస్సు నా తోకని ఈడ్చుకుంటూ మలుపు తిరిగి మాయమైంది. నేను డబ్బీలోనే ఉన్నాను, కట్టేసిన పశువులా. నా రెండు పక్కలా రాగిరేకులు వణుకుతున్నాయి.

జీపు వేగం అందుకుంది. పోలయ్య పెడలు మీద కాలు వేయబోయాడు. పెడలు మీద ఇనప పిడికిలి కూర్చుని ఉంది కదా, కాలు పట్టదు. హ్యాండుబ్రేకు లాగాడు. పొగ వచ్చింది, కేబులు టప్పుమంది. ఇక మిగిలింది స్టీరింగు. వెనక్కి మెడ తిప్పి చూస్తూ, జీపు పక్కభాగాన్ని కొండకేసి రాశాడు. రాయి ఇనుముని నమిలింది. కొండ వైపు కూర్చున్న ఇద్దరి మోచేతులు తోలూడిపోయాయి. ఒకడు దూకాడు, రోడ్డు మీద దొర్లి కదలకుండా పడిపోయాడు. గజ్జెలు గజ్జెల మీద, మనుషులు మనుషుల మీద.

"బావా, పిన్ను పీకు. ఆ పిన్ను పీక్కపోతే అందరం సస్తాం."

తవిటయ్య ఎర్రదారం వైపు చూశాడు. చూసింది రెప్పపాటే. ఆ రెప్పపాటులో ఆ మనిషి లోపల ఏవేం తెగాయో నాకు తెలియదు. అద్దం మీంచి బానెట్టు మీదకి దూకాడు. వెనకనుంచి ఇద్దరు అతని కాళ్ళు పట్టుకున్నారు. తలకిందులుగా నా మీదకి వేలాడాడు. దారం పళ్ళతో కొరికాడు. పసుపు, నెత్తురు, ఉమ్మి కలిసి నా మీద కారాయి. దారం పోయింది. వైరు మిగిలింది. ప్లయరు లేదు. రెండు వేళ్ళు వైరు కింద దూర్చాడు, మెలికి ఎదురు తిప్పాడు, దవడ బిగించి లాగాడు. పొద్దున్న పోలయ్య ఒక పోగు తుంచాడు కదా, అక్కడ లొంగింది. వైరు అతని వేళ్ళలోకి కత్తిలా దిగింది. ఎముక దగ్గర ఆగింది. అతను ఆగలేదు.

నేను ఊడాను.

రేకులు కలిశాయి. ఇనప పిడికిలి పెడల్ని తొక్కింది. చక్రాలు నాలుగూ ఒక్కసారి అరిచాయి. తవిటయ్య బానెట్టు మీద వెనక్కి కొట్టుకుపోయి అద్దంలో పడ్డాడు. అద్దం బద్దలైంది. జీపు వెనకభాగం వెళ్ళి పిట్టగోడకి గుద్దుకుంది, నాలుగు రాళ్ళు లోయలోకి రాలాయి. వాటి చప్పుడు చాలాసేపు వినిపించింది. తరవాత ఎవడో దగ్గాడు. అలా తెలిసింది, బతికున్నారని.

నేను తవిటయ్య పిడికిట్లో ఉన్నాను. అతని రెండు వేళ్ళు మాత్రం చేతికి తోలుతో వేలాడుతున్నాయి.

కాసేపటికి బస్సు మనుషులు పరిగెత్తుకుంటూ దిగొచ్చారు. దారిలో దూకి పడిపోయినవాడు కూడా కుంటుతూ వాళ్ళ వెనకే వచ్చాడు. చిట్టిరాజు అడిగిన మొదటి మాట ఎవడు బతికాడు అని కాదు. "జీపు తియ్యండి రోడ్డు మీంచి, ఎవడైనా ఫొటో తీస్తాడు." తోశారు. కదల్లేదు. నన్ను తిరిగి గుచ్చేదాకా బ్రేకు వదలదు. "పిన్నేదిరా" అన్నాడు. తవిటయ్య పిడికిలి ఇంకా బిగించాడు. ఒకడు ఆ తెగిన చేతినే పట్టుకుని విప్పబోయాడు. తవిటయ్య వాడి బుగ్గ కొరికాడు, వదల్లేదు.

ఈలోపు కిందనుంచి ఆర్టీసీ బస్సొకటి వచ్చి ఆగింది. వెనక పనసకాయల ఆటోలు, జీళ్ళు అమ్ముకునేవాళ్ళు, సంతకి పోయేవాళ్ళు. సర్వారాయుడు కూడా దిగొచ్చాడు. ఫోన్లు లేవడం చూడగానే ముఖం మారింది. రాలిన ఎర్రదారం ముక్క వంగి తీసి, కళ్ళకద్దుకున్నాడు.

"అమ్మవారి తోరమే కాపాడింది. ఇంత లోయ పక్కన ఒక్క ప్రాణం పోలేదంటే ఆ తల్లి దయ."

చప్పట్లు కొట్టేవాళ్ళు కొట్టారు. ఆర్టీసీ బస్సులోంచి దిగిన ముసలమ్మ ఒకతె చేతులు జోడించింది కూడా.

పోలయ్య స్టీరింగు మీంచి తల ఎత్తాడు. దిగాడు. కుంటుకుంటూ వచ్చి తవిటయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "బావా, ఒకపాలి ఇప్పు" అన్నాడు. అతనికి మాత్రం విప్పాడు. పోలయ్య నన్ను పైకెత్తాడు. నాకింకా వైరు చుట్టుకునే ఉంది, వైరులో మాంసం ఉంది.

"ఇది ఊడితే జీపు ఆగతాది. దీన్నే కట్టీసినారు. నా సేతే మెలి తిప్పించినారు. పొద్దున్న ఇప్పబోతే ఇదిగో, ఈ కన్ను. తోరం కాపాడినాదా బాబూ? మా బావ ఏళ్ళు కాపాడినాయి."

ముసలమ్మ జోడించిన చేతులు దించేసి, "మరైతే ఎవుడు కట్టినాడురా దాన్ని?" అంది.

సర్వారాయుడి చెయ్యి లేచింది, సంతలో లేచినట్టే. ఈసారి పోలయ్య ఆ మణికట్టు గాల్లోనే పట్టుకున్నాడు. రెండో చేత్తో, నన్ను పట్టుకున్న పిడికిలితోనే, నోటిమీద గుద్దాడు. ఆ పెదవులు చిట్లడం నేను లోపలినుంచి విన్నాను. కొత్తగా కట్టించుకున్న పన్ను రోడ్డు మీద పడింది. తరవాత అందరూ అందర్నీ కొట్టారు. కార్యకర్తలు పోలయ్య మీద పడ్డారు, తప్పెటవాళ్ళు కార్యకర్తల మీద పడ్డారు, పనసకాయలవాడు ఎందుకు కలగజేసుకున్నాడో తెలియదు గాని గట్టిగానే కలగజేసుకున్నాడు. పోలీసులు వచ్చేదాకా జీపు అక్కడినుంచి అంగుళం కదల్లేదు. వైరు, తెగిన కమ్మీ, పసుపు అంటిన డబ్బీ, ఏ ఒక్కటీ దాచడానికి కుదరలేదు. అదీ నా పట్టు.

పోలయ్యని జైల్లో పెట్టారు. నాయకుణ్ణి కొట్టినందుకు. నన్ను కట్టినవాళ్ళని ఎవరూ పెట్టలేదు. సర్వారాయుడు గెలిచాడు. మీరే ఓట్లేశారు.

కేసు నలిగి నలిగి, జీపు తుక్కుకింద పోయాక, కోర్టువాళ్ళు నన్ను అవతల పారెయ్యబోతే తవిటయ్య అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాళ్ళింట్లో ఉన్నాను. పోలయ్య జైలునుంచి వచ్చి ఆటో తోలుతున్నాడు, సాయంత్రాలు ఇటే వస్తాడు. తవిటయ్య మూడువేళ్ళ చేత్తో తప్పెట మళ్ళీ నేర్చుకుంటున్నాడు. దరువు కుంటుతుంది. అదేం దరువని కుర్రవాళ్ళు వెక్కిరిస్తే, "కొండ జారుడు దరువు" అంటాడు.

మొన్నొక రోజు గౌరమ్మ నన్ను కడిగి, పసుపు రాసి, దేవుడి గూట్లో పెట్టింది. దీపం కూడా ముట్టించింది. మొగుణ్ణి నిలబెట్టిన వస్తువు కదా, ఆ తల్లి బాధ ఆమెది. వాయిద్యం విప్పుతూ వచ్చిన తవిటయ్య అది చూశాడు. గూట్లోంచి నన్ను తీసి పసుపు లుంగీకి తుడిచేశాడు.

"దీనికి మొక్కకే. మొక్కే ఇదంతా మా మీదకి తెచ్చుకున్నాం."

పోలయ్య ఆటో సామాన్ల డబ్బా తెరిచే ఉంది. పానాలు, స్క్రూడ్రైవర్లు, జిడ్డుగుడ్డ. తవిటయ్య నన్ను అందులోకి విసిరాడు. పానా మీద పడి ఠంగుమన్నాను.